పది రోజుల బరువు

నేను ఒక గాజు పేపర్ వెయిట్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. నా నడుమ ఉన్న గాలిబుడగను చూసి అలంకారం అనుకుంటారు. నన్ను చేస్తున్నవాడికి సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చింది, అంతే.

ఆల్డెన్ ప్రూయిట్ అమెరికాలోని ఒక చిన్న రాష్ట్రం నుంచి మొదటిసారి సెనేటర్‌గా గెలిచినప్పుడు అక్కడి మహిళాసంఘంవాళ్ళు నన్ను కానుకగా ఇచ్చారు. దేశ రాజధానిలో పన్నెండేళ్ళు ఆయన బల్ల మీద ఉన్నాను. ఆయన మాట్లాడేవాడు, నేను కూర్చునేదాన్ని. ఇద్దరిలో ఎవరి వల్ల ఎక్కువ పనులు ఆగాయో చెప్పడం కష్టం. సెనేట్‌లో మాట్లాడుతున్నవాణ్ణి ఆపడం అంత తేలిక కాదు కనుక, ఒక చట్టాన్ని అడ్డుకోవడానికి ఒకసారి ఆయన పదకొండు గంటలు నిలబడి మాట్లాడాడు. అందులో చివరి రెండు గంటలూ వాళ్ళమ్మ మొక్కజొన్న రొట్టె ఎలా కాల్చేదో వివరించాడు. కమిటీలో అయితే అంత శ్రమ ఉండేది కాదు. దానికి అధ్యక్షుడు తానే కనుక నచ్చని బిల్లును తెచ్చి నా కింద పెట్టేవాడు. సభాకాలం ముగిసేది, బిల్లు చచ్చేది.

మూడోసారి గెలవడం అనుమానమని తేలగానే ఆయనకు సొంత రాష్ట్రం మీద బెంగ పుట్టింది. వెళ్ళి గవర్నరు అయ్యాడు. అక్కడ గవర్నరును జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రిలా పాలించేది ఆయనే.

మొదటిరోజే కార్యదర్శి హెస్టర్ లిండ్ రాష్ట్ర రాజ్యాంగం ఉన్న చిన్న పుస్తకం తెచ్చి, ఒకసారి చూడమంది. ఆయన దాన్నీ నా కింద పెట్టాడు. సభ నడుస్తుండగా వచ్చిన బిల్లు మీద గవర్నరు పది రోజుల్లో సంతకమైనా పెట్టాలి, కారణాలు రాసి వెనక్కైనా పంపాలి, రెండూ చేయకపోతే అది చట్టమైపోతుంది అని ఆ పుస్తకంలో ఉంది. దాని మీద కూర్చున్న నాకు తెలిసింది గానీ ఆయనకు తెలియలేదు.

హెస్టర్ రోజూ హెరాన్ దీవి నుంచి పడవలో వచ్చేది. దాటడానికి యాభై నిమిషాలు. ఆమె భర్త కార్ల్ దీవి బడిలో పంతులు. అంతకు రెండు చలికాలాల ముందు, పిల్లల వ్యాసాలు దిద్దుతుండగా ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. పడవ అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేసరికి ఆయనకు దాని అవసరం తీరిపోయింది.

దీవికి వంతెన కట్టే బిల్లును గవర్నరు బల్ల మీదికి తెచ్చి పెట్టింది హెస్టరే. గవర్నరుకు మాత్రం వంతెన ఇష్టం లేదు. ఆ పడవ మీద వాళ్ళ తాత పేరు అడుగెత్తు అక్షరాల్లో ఉంది. వంతెన వస్తే పడవ పోతుంది, పడవతో తాత పోతాడు.

"దీనికి పది రోజులే గడువండి," అంది హెస్టర్.

"గడువులు నాకు కొత్తా? అలా పడి ఉండనీ," అన్నాడాయన. నన్నెత్తి బిల్లు మీద పెట్టాడు.

తొమ్మిదోరోజు గవర్నరు నన్ను పక్కకు జరిపి బిల్లు తీశాడు. తిప్పి పంపుతానని, కారణాలు చెబుతాను రాసుకోమని అన్నాడు. హెస్టర్ కలం తీసింది. తన వంతెన ఎందుకు అక్కర్లేదో తన చేత్తోనే రాసుకుంది, ఒక్క మాట వదలకుండా. మొదటి కారణం తాత చిన్నతనంతో మొదలైంది. సాయంత్రానికి తాతకు పదేళ్ళు వచ్చాయి.

"రేపు ఐదింటితో గడువు అయిపోతుందండి," అంది లేస్తూ.

"సెనేట్‌లో నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, మిసెస్ లిండ్."

మర్నాడు మధ్యాహ్నం తాత మొదటి పడవ కొన్నాడు. నాలుగింటికి అది మునిగింది. అక్కడ ఆయన మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు. హెస్టర్ ఒకసారి గోడ గడియారం వైపు చూసింది. ఆమె చూడటం ఆయన చూశాడు కానీ, తాత కష్టాలకు చలించిందనుకుని ఇంకాస్త వివరంగా చెప్పాడు. ఐదు కొట్టేసరికి తాతకు పెళ్ళిచూపులు జరుగుతున్నాయి.

పొద్దున్నే బిల్లు చట్టమైందని కబురొచ్చింది.

"నేను సంతకం పెట్టలేదే," అన్నాడు గవర్నరు.

"పెట్టనందుకే అయిందండి."

ఆయన ఒక నిమిషంపాటు మాట్లాడలేదు. పన్నెండేళ్ళలో నేనలాంటి నిమిషం చూడలేదు. ఆ తర్వాత విలేకరులను పిలిపించి, ఈ వంతెన తన చిన్ననాటి కల అని చెప్పాడు.

మూడేళ్ళకు వంతెన పూర్తయింది. ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించడానికి ముందు ఆయన గంటన్నర మాట్లాడాడు. పదవి దిగిపోతూ నన్ను హెస్టర్ చేతిలో పెట్టి, "మనిద్దరం కలిసి కట్టించాం కదా, గుర్తుగా ఉంచుకోండి," అన్నాడు. ఆమె ఆయనకు కృతజ్ఞతలు చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని కారులో వంతెన దాటింది. అవతలి ఒడ్డున కారు ఆపి చేతి గడియారం చూసుకుంది.

"నాలుగు నిమిషాలు," అంది. కారులో నేను తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు నేను ఆమె ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద ఉన్నాను. నా కింద పిల్లల వ్యాసాల కట్ట ఉంది. పదకొండు వ్యాసాలకు ఎర్రసిరాతో దిద్దుబాట్లున్నాయి. పన్నెండోదాంట్లో ఎర్రసిరా సగం వాక్యం దగ్గర ఆగిపోయింది. రోజూ పొద్దున హెస్టర్ కిటికీ తెరుస్తుంది. వంతెన మీదుగా గాలి వచ్చి కాగితాల అంచులు లేపుతుంది. నేను వాటిని కదలనివ్వను.