మగ్గం గుంటలో బాన

తొమ్మిది ఇళ్లలో తొమ్మిది జ్వరాలు. అన్నీ డెంగీయేనని రక్తపరీక్ష చెప్పింది. ఆశా కార్యకర్త మంజులకు కంటి మీద కునుకు లేకుండా చేయడానికి అవి చాలు. కానీ అసలు భయం ఆమె ఇంట్లోనే ఉంది. కూతురు అఖిల ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి పది రోజులైంది. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ జ్వరం వస్తే తల్లికీ బిడ్డకూ గండమని ఊరంతటికీ చెప్పేది మంజులే.

అందుకే నిల్వనీళ్లు పారబోయించే శుక్రవారం ఒక్కటే కాదు, రోజూ ఊరి మీద పడింది. కూలర్లు వంపింది, పూలకుండీలు బోర్లించింది, కొబ్బరిచిప్పలు ఏరింది. "ఆశమ్మ వస్తాంది, తాగే నీళ్లు గూడ దాసుకోండ్రి" అని ఆడవాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, జ్వరం మాత్రం ఆగలేదు. మరో ఇంట్లో పదోది వచ్చింది.

ఆరోగ్య కేంద్రం నర్సు శ్రీదేవి రిజిస్టరు తిరగేసి ఒక్క మాట అంది. "జ్వరమొచ్చినోళ్లనే చూస్తున్నవక్కా. రానోళ్లను గూడ చూడు. వాళ్లింట్ల లేంది, వీళ్లింట్ల ఉన్నది ఏందో పట్టు."

మంజుల అరుగు మీద కూర్చుని ఇళ్లన్నీ తలచుకుంది. నల్లా నీళ్లు అందరికీ ఒకటే, మురికికాలువా ఒకటే. మగ్గాలు అమ్ముకుని కూలిపనికి హైదరాబాద్ బస్సెక్కేవాళ్ల ఇళ్లలో ఒక్క జ్వరమూ లేదు. జ్వరమొచ్చిన పది ఇళ్లలోనూ మగ్గం ఆడుతోంది. పడకేసినవాళ్లంతా మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి నేసేవాళ్లో, పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్లో. ఈ దోమ కుట్టేదీ పగలే.

ఆమెకు మగ్గం గుంటలోని బాన గుర్తొచ్చింది.

వానలు ముఖం చాటేసిన భాద్రపదం అది. గాలి పొడిబారితే పోగు తెగుతుందని మగ్గం గుంటలో బానతో నీళ్లు పెట్టడం ఆ వాడకట్టు అలవాటు. తగ్గితే పోస్తారు గానీ పారబోయరు. పారబోస్తే పని ఆగుతుందని పట్టింపు. నేతింట పుట్టి నేతింట మెట్టిన మంజులకు అవి నిల్వనీళ్లని ఎన్నడూ తోచలేదు. మగ్గంలో ఒక భాగం, అంతే. ఊరందరి కూలర్లలో తొంగిచూసిన మహాతల్లి, తన ఇంటికి మాత్రం మూడు వారాలుగా రిజిస్టరులో 'నీటి నిల్వ లేదు' అని రాసుకుంటూ వచ్చింది.

ఇంటికి పరుగెత్తింది. భర్త వీరేశం నేస్తున్నాడు. పక్కనే అఖిల కండెలు చుడుతోంది.

"లే, జర జరుగు."

"పని మీదున్న, ఏందే నీ లొల్లి?"

ఆమె గుంటలోకి సెల్‌ఫోను లైటు వేసింది. బానలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. ఒకటా రెండా! ఏడుపొచ్చింది, వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. బాన ఎత్తుకుపోయి నడివీధిలో ఎండకు వంపింది.

ఎదురింటి రామచంద్రయ్య అడ్డం తిరిగాడు. "తాతల కాడి నుంచి పెడ్తున్నం. గప్పుడు రాని జ్వరం గిప్పుడొచ్చిందా? నా బాన ముట్టకు, కోడలా."

నోరు మూసుకుంటే పరువు దక్కేది. "మా ఇంట్లనే దొరికినయి, మామా," అంది మంజుల, వాడకట్టంతా వినేలా. "నీళ్లు లేవని రాసింది నేనే. తప్పు నాదే. నా బిడ్డ వచ్చిన కాడి నుంచి ఆ బాన పక్కనే కూసుంటాంది. పోగు తెగితే ముడేసుకుంటం. నీకు దండం పెడ్త, పారబొయ్యి."

ముసలాయన ఆమె ముఖం చూశాడు. లోపలికి పోయి బాన మోసుకొచ్చాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ కదిలారు. సాయంత్రానికి వీధంతా తడిసింది.

అయినా కుట్టిన దోమ కుట్టే ఉంటుంది. కుట్టిన నాలుగు రోజుల నుంచి వారం పైదాకా జ్వరం ఎప్పుడైనా బయటపడొచ్చని మంజులకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేది! రోజుకు పదిసార్లు కూతురి నుదురు తాకింది. "అమ్మా, గిట్ల రుద్దితే తోలూడుతది" అని అఖిల విసుక్కుంది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం అఖిల దుప్పటి కప్పుకుంది. "చలి పెడ్తాంది."

థర్మామీటరు నూట రెండు చూపింది. చూద్దాం, రేపటికి తగ్గుతుందేమో అనే మాట మంజుల నోట రాలేదు. వెంటనే 108కు ఫోన్ చేసి, సంచీ సర్దింది.

"కడుపుల తంతాందా?" అని అడిగింది.

అఖిల తల్లి చేతిని లాగి పొట్ట మీద పెట్టుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల నుంచి ఒక చిన్న కాలు అరచేతిని గట్టిగా తన్నింది. మంజుల అప్పుడు ఏడ్చింది.