టకు గుడిస్తే టి

మా మరిది భూమేశ్ హైదరాబాదులో మందుల చదువు చదివేవాడు. మత్తిచ్చిన ఎలుక మూత్రపిండానికి రక్తం పోయే నాళాన్ని కాసేపు బిగించి, మళ్ళీ వదిలేసేవాడు. రక్తం ఆగినప్పుడు కొంత, తిరిగి వచ్చినప్పుడు మరికొంత మూత్రపిండం దెబ్బతింటుందట. ఆ దెబ్బను ఏ మొక్క రసమైనా తగ్గిస్తుందా అన్నది అతని పరిశోధన. మా మామగారు వాంతులు, విరేచనాలతో ఒళ్ళెండిపోయి, మూత్రం బందై చనిపోయిన నాటి నుంచి అతనికి అదే ధ్యాస.

ఆ జూన్‌లో మా కామారెడ్డి వీధిలోని కిరాణా దుకాణానికి ఫోన్ చేసి నన్ను పిలిపించాడు. లైను గరగరలాడుతోంది.

“వదినా, అటికమామిడి గావాలె. సోమవారంలోపల రాకపోతే మా సారు ఈ పని బంద్ జేయిస్తడు. ఎలుకలు తయారుగున్నయ్.”

“అటిక కాదయ్యా, అటక.” బి.ఏ.లో నాది తెలుగు. ఎవరి గుడింతం తప్పినా నాకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. “గంత చదివి గిదేం పలుకుడు?”

“నీకో దండం! ఎట్లన్న పలుకు, పంపు!”

లైను తెగింది. అటక మీది మామిడిపండ్లు, తినడానికి ఎలుకలు. నాకు అంతా చక్కగా అతికింది. ఎల్లారెడ్డిలో మా పుట్టింటి అటక మీద మాగేసిన పండ్లు దించమని బాపుకు కబురు పెట్టాను. గంప బస్సులో వచ్చింది. ఒక్కొక్క పండూ తుడిచి, మచ్చపడ్డవి ఏరేసి, ఎలుకలైనా మర్యాద మర్యాదే కనుక, తెలిసినవాళ్ళతో రైల్లో పంపాను.

ఆదివారం పొద్దున భూమేశ్ గుమ్మంలో ఉన్నాడు.

“పండ్లు మా సారే తిన్నడు. బాగున్నయన్నడు. వదినా, నా ఎలుకలేమన్న పెండ్లి మాటలకొచ్చినయా, గంపెడు పండ్లు పంపుతవ్? అటికమామిడంటే నేల మీద పాకే చెట్టు. చిన్న గులాబీ పూలుంటయ్. పచ్చిది, ఏర్లతోని గావాలె.”

అని మా వాకిలి చూసి ఆగిపోయాడు. అందులో గడ్డిపోచ ఉండదు. వాన వెలిసిన మర్నాడే వేళ్ళతో సహా పెరికి తగలబెట్టేస్తాను. పక్కింటి మజీదా ఆపా అట్లా చేయదని నలుగురిలో అనని రోజు లేదు.

భూమేశ్ చూపు గోడ దాటింది. “గదిగో! వాకిలి నిండ అదే!”

నేనే వెళ్ళాల్సి వచ్చింది. “ఆపా, మీ గడ్డి కొంచెం గావాలె.”

ఆమె పాన్ నములుతూ నన్ను పైనుంచి కిందికి చూసింది. “క్యా? నా జంగల్ నీకు పనికొచ్చిందా? నీ మాటలు పడలేక రేపే కూలిమనిషిని పెట్టి పీకిద్దామనుకున్న. తీస్కో బేటీ. నువ్వే పీకు, నీ వాకిలి లెక్క సాఫ్ చెయ్యి.”

వంగి పీకాను. ఆమె మంచం మీద కూర్చుని, “ఆ మూల మరిచినవ్,” అంటూ పని చూపించింది.

తడి గోనెసంచిలో మొక్కలు చుట్టాక అడిగాను. “మందయితదా భూమేశ్?”

“ఏమో వదినా. ఎలుకలే చెప్పాలె.” చీటీ, కలం నా చేతికిచ్చాడు. “పేరు నువ్వే రాయి, తప్పు లేకుండ.”

రాశాను. ట మీద గుడి కొంచెం పెద్దదిగానే పడింది.