అప్పలసూరి జీతం కాగితాలు

ఎనభై మూడేళ్ల వరలక్ష్మమ్మ ముందుకు వంగి కూర్చుంది. భిలాయి క్యాంప్ 1లోని ఆ ఇరుకింట్లో, ఎదురుగా పక్కింటి వాసుదేవరావు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆమె మనవరాలు రజనీకుమారి అర్జీల మీద అర్జీలు పెట్టి తెప్పించిన మిలిటరీ కాగితాలు ఆయన ముందున్నాయి. ఉక్కు ప్లాంటు టైమాఫీసులో ముప్పై ఐదేళ్లు జీతాల పట్టీలు చూసిన మనిషి. ఏ అంకె ఎందుకు మారిందో ఇట్టే పట్టేస్తాడు.

వరలక్ష్మమ్మ తండ్రి అప్పలసూరి బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఊరి సొమ్మేం పోయింది, పటాలం నుంచి పారిపోయాడని ఊరంతా కోడై కూసింది. పారిపోయినోడి కూతురు అన్న మాట ఆమెను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

"నెలనెలా మీ నాన్న జీతంలోంచి ఎనిమిది రూపాయలు ఇంటికి పంపినారు," అన్నాడు వాసుదేవరావు. "నలభై నాలుగు మార్చిలో ఆగిపోయింది."

"ఆగిపోడమంటే ఏటి?"

ఆయన ఆ అంకె మీద వేలు ఆనించి ఆగాడు. తన పట్టీల్లో అలా ఉన్నట్టుండి ఆగిన పేర్లన్నీ చెప్పాపెట్టకుండా పని వదిలి పారిపోయినవాళ్లవే.

"పఢియే నా, చదవండి తాతగారూ!" అంది రజనీ.

ఆయన పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.

"అమ్మా, మీ నాన్న పారిపోలేదు. యుద్ధంలో పోయాడు. మీ అమ్మ పైడమ్మకి పింఛను రాసినారు. పారిపోయినోడి పెళ్లానికి సర్కారు పింఛనిస్తదేటి?"

వరలక్ష్మమ్మ భోరుమంది. అంతలోనే తలెత్తింది. "మరా పింఛను మాకెప్పుడూ రాలేదే?"

ఆయన చివరి కాగితం తీశాడు. "మీ అమ్మ వద్దందమ్మా. నా పెనిమిటి బతికే ఉన్నాడని రాయించి వేలిముద్ర ఏసింది."

పింఛను తీసుకుంటే బొట్టు చెరపాలి, గాజులు పగలగొట్టాలి. పైడమ్మ ఈ భిలాయిలోనే కన్నుమూసేదాకా పావలా కాసంత బొట్టుతో తిరిగింది. ముత్తయిదువగానే సాగనంపారు. అప్పలసూరికి తద్దినమన్నది ఏనాడూ పెట్టలేదు.

వరలక్ష్మమ్మకు కోపం నషాళానికంటింది. "నాను గంజినీళ్లు తాగి పెరిగినాను. నలుగుర్లో తలొంచుకుని బతికినాను. మా అమ్మ తెలిసుండీ నోరిప్పలేదు!"

రజనీ ఆమె భుజం పట్టుకుంది. "అమ్మమ్మా, కాగితాల్లో ముత్తాత పోయిన తేదీ ఉంది. పంతులుగారికి చెప్పి తద్దినం పెట్టిద్దామా?"

ముసలామె కాగితం మీది వేలిముద్రను తడిమింది.

"ఊరోళ్లు పారిపోయాడని తిట్టినప్పుడల్లా మా అమ్మ కిక్కురుమనేది కాదు," అంది. "పారిపోయినోడైతే ఎక్కడో బతికున్నట్టే గదా."

కళ్లు తుడుచుకుంది.

"పెట్టించు. ఆవిడ మాట నిలబెట్టడానికి ఇన్నేళ్లు ఆకలితో ఉన్నాం, నానూ, పిండం లేక మా నాన్నా. ఇంక సాలు. ఆయనకో ముద్దెట్టనీ."