గిడ్డమ్మ అదిలింపు

ఆలూరు దగ్గరి పల్లెలో గోపన్న, గిడ్డమ్మ దంపతులకు పిల్లలు లేరు. కాడికి కుడివైపు కట్టే వలపటి ఎద్దును పెద్దోడనీ, ఎడమవైపు కట్టే దాపటి ఎద్దును చిన్నోడనీ పిలుచుకునేవారు. తమకు ముద్ద ఉన్నా లేకున్నా వాటికి మాత్రం పూటపూటకూ ఉలవలు ఉడకాల్సిందే. బండలాగుడు పందెంలో, పెద్ద ఎద్దుల సీనియర్ల విభాగంలో, ఒక్కసారైనా మొదటి బహుమతి కొట్టాలన్నది గోపన్న ఆశ. అది తీరకముందే, ఒకనాడు సాధన చేయిస్తూ కాలు జారి పడితే బండ అతని మోకాలి మీదుగా పోయింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక మంచం దిగలేదు.

ఎద్దులు గాటి దగ్గర ఊరికే నిలబడి కొవ్వెక్కుతున్నాయి. ఒక పొద్దున గిడ్డమ్మ వాటిని విప్పుకొని ఎండిపోయిన చెరువులోకి తోలుకుపోయింది. సాధన బండ అక్కడే పడి ఉంది. పక్కింటి ఉరుకుందప్ప చూసి, నవ్వాలో వద్దో తెలియక, వచ్చి గొలుసు తగిలించాడు.

"అదిలించమ్మా. గట్టిగా!"

గిడ్డమ్మ గొంతు లేవలేదు. ఆమె మాటకు ఇంట్లో పిల్లి కూడా లేచిందిలేదు ఆనాటివరకు. రెండోసారి కళ్లు మూసుకొని అరిచింది. ఎద్దులు చెవులు నిక్కించాయి, మెడలు వంచాయి, బండ కదిలింది. అంత బరువు తన నోటిమాటకు కదలడం చూసి ఆమె మళ్లీ అదిలించింది. ఇంటికి వచ్చి మొగుడితో చెప్పింది.

"ఈసారి పందెంలో నేను తోల్తానయ్యా."

"ఆడమనిషివి, నువ్వేం తోల్తావు మే? నలుగురూ నగుతారు."

"నగితే నగనీ. నీకోసం కాదులే. నాకే తోలల్లని ఉండాది."

నలభై ఏళ్ల మనిషి నోట 'నాకు' అనే మాట గోపన్న వినడం అదే మొదలు.

మొదటి పందెంలో ఆమెను బరిలోకి రానియ్యడానికే పెద్దలు తర్జనభర్జన పడ్డారు. ఉరుకుందప్ప బతిమాలితే ఒప్పుకున్నారు. తీరా అంత జనం ఈలలు, డప్పుల మధ్య ఆమె గొంతు ఎద్దులకు అందలేదు. అవి గోపన్న కేక కోసం దిక్కులు చూస్తూ నిలబడ్డాయి. ఆమె జత అందరికంటే చివర నిలిచింది. మైకులో ఎవరో, "అక్క వంటింటికి పోవచ్చు" అన్నారు. జనం విరగబడి నవ్వారు.

గిడ్డమ్మ మళ్లీ చెరువు దారి పట్టింది. సజ్జ విత్తినవాళ్ల చేలు వాన లేక మాడిపోతున్న ఏడు అది. ఊరిలో సగం ఇళ్లకు తాళాలు, జనమంతా మిరపకోతలకు వలసపోయారు. ఆమె పోలేదు. గొంతు బొంగురుపోయి, పచ్చిపసుపు నమిలి, మళ్లీ అరిచింది. పోనుపోను ఆమె పేరు పెట్టి పిలిస్తే చాలు, చిన్నోడు కాడి కిందికి తానే మెడ పెట్టేవాడు.

రెండో పందెం మంత్రాలయం వైపు ఒక ఊళ్లో. ఈసారి ఎద్దులు ఆమెవే. అదిలించగానే బండ దూసుకుపోయింది. చేతిలో ములుగర్ర లేదు, ఉత్త నోరే. ఈలలు ఆగిపోయాయి. గట్టు మీది ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. అంతవరకు ముందున్న జత లాగిన దూరాన్ని దాటబోతుండగా చిన్నోడు ముంగాలు మడిచి కూలబడ్డాడు.

"కొట్టు! తోక మెలిపెట్టు! లేస్తాది!" అని నలుదిక్కులా కేకలు.

గిడ్డమ్మ దాని ముందు మోకరించింది. కాలెముక చర్మం లోపలే విరిగి ఉంది. ఆమె కాడి తీసేసింది.

పశువుల డాక్టరు చూసి, "ఈ వయసు ఎద్దుకు ఎముక అతకడం కష్టమమ్మా" అన్నాడు. చిన్నోడు ఎండాకాలమంతా పడుకునే ఉండి, పుండ్లు పడి చచ్చిపోయాడు. చేను గట్టున గుంత తవ్వి పూడ్చారు. గోపన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఇంక చాలు మే. పెద్దోణ్ని కూడా అమ్మేయి. మన రాతలో లేదు."

బేరగాడు వచ్చాడు. పెద్దోడి పళ్లు చూశాడు, వీపు చరిచాడు. గిడ్డమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంది. చివరికి, "ఇయ్యను, పోప్పా" అంది. ఇంకో ఎద్దు తెచ్చే దారి లేదు. ఉన్నా, తెచ్చింది జతకు అలవాటు పడేలోపు పెద్దోడికి వయసు మళ్లుతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఉరుకుందప్ప చెరువులో ఆమెను చూశాడు. పెద్దోడి మెడకు ఒంటికాడి వేసి, చిన్న బండరాయి కట్టి తోలుతోంది.

"ఏమమ్మా, పిచ్చిగాని పట్టిందా? ఒంటెద్దుతో ఏం పందెం?"

"పందెం లేదప్పా. నేర్సింది మర్చిపోకుండా సూసుకుంటాండా."

"ఎద్దా?"

"నేనూ" అంది గిడ్డమ్మ. పక్కన తోడు లేక పెద్దోడు ఎడమవైపుకే ఒరిగిపోతున్నాడు. ఆమె ముకుతాడు పట్టి దారికి తెచ్చింది. నాలుగడుగులు వేసి మళ్లీ ఒరిగాడు. మళ్లీ తెచ్చింది. వెనక్కి జరిగి, చీలిన గొంతుతో అదిలించింది. రాయి దుమ్ములో కొంచెం కదిలింది.