గుడిసెలో జ్వరం మాత్రలు

ఆదివారం చర్చి అయ్యాక ఎస్తేరు, ఆమె భర్త పాల్ తిరుపతి బస్టాండు వెనక ఉన్న గుణశేఖర్ సెల్‌ఫోన్ కొట్టుకు వచ్చేవాళ్లు. కొట్టు మీది గదిలో గుణశేఖర్‌తో కలిసి చాప పరుచుకుని ఆడుకునేవాళ్లు. ఆట ఎస్తేరు కల్పించిందే. ఆ ఆటలో సముద్రం పొంగి పులికాట్ సరస్సు పక్క ఊళ్లన్నీ మునిగిపోయాయి. బతికినవాళ్లు పడవలో తిరుగుతూ, పాడుబడిన ఇళ్లలో దొరికినదానితో ప్రాణం నిలుపుకోవాలి. ఎవరు ఎక్కడ వెతుకుతారో చెబితే ఎస్తేరు అట్టముక్క చాటున పాచిక వేసేది. ఐదో ఆరో పడితే వస్తువు దొరికినట్టు. దాన్ని దేనికి వాడతారో వెంటనే చెప్పాలి. చెప్పలేకపోతే పారేసినట్టే.

చంద్రికను ఆటకు తీసుకొచ్చింది పాల్. నగరిలో మరమగ్గాల ఇంటి పిల్ల, అతని ఆఫీసులో కొత్తగా చేరింది. మొదటిరోజు ఆమెకు చిక్కుపడిన నూలు ఉండ ఒక్కటే దొరికింది.

"దీన్నేం చేస్తావు?" అని ఎస్తేరు అడిగింది.

"చిక్కు తీసి, నాలుగు పోగులు కలిపి పేనుతా అక్కా. వల అల్లుకుంటే రొయ్యలు పడతాయి కదా ఆడ."

"అబ్బా! ఇన్నాళ్లూ మేము ఆకలితో సస్తా ఉంటే ఎవరికీ తట్టలేదే!" పాల్ తొడ చరిచి నవ్వాడు.

ఆ నవ్వు ఎస్తేరుకు గుచ్చుకుంది. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ ఈ మునిగిన ఊళ్లన్నీ కల్పించింది తను. పాల్ ఏనాడూ బాగుందని కూడా అనలేదు. బండి మీద ఇంటికెళ్లే దారంతా అతను వల గురించే మాట్లాడాడు. ఎస్తేరు అతని భుజం మీద వేసిన తన చెయ్యి తీసేసి బండి వెనక కమ్మీ పట్టుకుంది.

మరుసటి ఆదివారం ఆమె కొత్త నియమం పెట్టింది. ఒక్కొక్కరి సంచిలో మూడు వస్తువులే ఉండాలి, వల పెద్దది కాబట్టి రెండు వస్తువుల కింద లెక్క. చంద్రిక సరే అక్కా అని తలూపింది. గొడవ పడి ఉంటే ఎస్తేరుకు కాస్త హాయిగా ఉండేది.

ఆ రోజు ఆటలో పాల్ కాలికి మేకు గుచ్చుకుని జ్వరం వచ్చింది. పొద్దు గుంకేలోగా మాత్రలు దొరక్కపోతే చనిపోతాడు.

"ఒడ్డున ఉండే జాలరి గుడిసెలో చూరు వెతుకుతా. మా అమ్మ మాత్రలన్నీ ఆడే దాస్తాది" అంది చంద్రిక.

"సూడు, ఎట్లా పట్టేసిందో!" అన్నాడు పాల్.

పాచిక ఆరు పడింది. ఎస్తేరు దాన్నే చూస్తూ, "ఖాళీ. ఏమీ లేదు" అంది.

తన వంతు అయిపోయాక ఇంకొకరి చేత వెతికించాలంటే, ఆట నియమం ప్రకారం వాళ్లకు ఏదైనా ఇవ్వాలి. చంద్రిక తన వల గుణశేఖర్‌కు ఇచ్చేసింది. పాల్ కోసం ఎంత సులువుగా ఇచ్చేసిందో చూసి ఎస్తేరుకు ఒళ్లు మండింది.

గుణశేఖర్ ఒడ్డున పడి ఉన్న మందుల పెట్టెలో వెతికాడు. రెండు పడింది. ఈసారి నిజంగానే లేవు.

"అయితే నేను పోయినట్టేనా?" అన్నాడు పాల్.

దొరికాయని చెప్పేస్తే సరిపోతుంది. పాల్ బతుకుతాడు, ఆ పేరు గుణశేఖర్‌కు వస్తుంది, చంద్రికకు ఏమీ రాదు. కానీ ఎస్తేరుకు రెండో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. అట్టముక్క తీసి పక్కన పెట్టేసింది.

"సూరులో మాత్రలు ఉండాయి. చంద్రికకు ఆరు పడింది. నేనే లేదని చెప్పినాను."

చంద్రిక ముఖం ఎర్రబడింది. "నేనేం తప్పు చేసినా అక్కా?"

"నువ్వేం చేయలా. నీ మాటకు నవ్వినట్టు ఆయన నా మాటకు ఎప్పుడూ నవ్వలేదు. అంతే."

పాల్ తల దించుకున్నాడు. టీ తెస్తానని గుణశేఖర్ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"ఆరు పడింది కాబట్టి మాత్రలు నావి. ఆయనకు ఇయ్యను. నీకే ఇస్తా ఉండా. ఏం చేస్తావో నువ్వే చెప్పల్ల" అంది చంద్రిక. గొంతులో కోపం ఇంకా ఉంది.

ఎస్తేరు పాల్ కాలి వైపు చూసింది. "సగం ఇస్తా. జ్వరం తగ్గల్ల, కుంటు మాత్రం కొన్నాళ్లు ఉండల్ల."

చంద్రిక పెదవులు బిగించినా నవ్వు ఆగలేదు.

ఇంటికి వెళ్తూ పాల్ అడిగాడు. "ఆ ఊళ్లన్నీ యాడినుంచి పుట్టించినావు?"

ఎస్తేరు చెప్పింది. అతను బండి నెమ్మదిగా నడుపుతూ విన్నాడు. చివర్లో, "చంద్రిక కూడా అనింది, ఈ ఆట..." అని ఆగిపోయాడు.

"చెప్పు."

"ఏం లేదులే."

చంద్రిక పేరు మళ్లీ గుచ్చుకున్నా, "చెప్పు, వింటా" అని ఎస్తేరు అతని భుజం మీద చెయ్యి వేసింది.