పెరుగన్నంలో ఉప్పు

ఆదివారం మరమగ్గాలు బంద్. ఆ చప్పుడు ఆగితేనే నేతవాడలో మనిషి మాట మనిషికి వినబడుతుంది. ఆ పొద్దు వాడవాళ్లంతా బడి వెనక మైదానానికి కదిలారు. చిందు భాగోతం ఆట. ఇంటికొక చాప, చాప మీద టిఫిన్ డబ్బాలు, సర్వప్పలు, ఉడకబెట్టిన పల్లికాయలు. చూపు సగం, తిండి సగం. రాజు యుద్ధానికి బయలుదేరినా పల్లికాయలు ఒలిచే చేతులు ఆగవు. గా రాజు మీసం కంటె మా పోశం మీసమే నయమని ఎవరో అంటే చాపలన్నీ నవ్వాయి. కలిసి తింటూ కలిసి చూడడంలో తప్పేముంది? ఏమీ లేదు. తప్పు ఎక్కడుందో చెప్పడానికే ఈ కథ.

రాజక్క నవ్వలేదు. ఏళ్ల తరబడి మగ్గాల దుమ్ము మింగి ఆమె మగడు పోశం ఛాతీ పాడైంది. దవాఖాన మందులు నడుస్తూనే ఉన్నాయి. అవి చాలక ఆమె మొక్కుకుంది: ఆటలో అమ్మవారి వేషం వచ్చినప్పుడు తన చేత్తో పెరుగన్నం తినిపిస్తానని, మిగిలింది మగనికి పెడతానని. ఆ వాడ ఆనవాయితీ అది. వేషం నోరు తగిలిన అన్నం వాళ్లకు ఎంగిలి కాదు, ప్రసాదం.

అమ్మవారు రానే వచ్చింది. ముఖం నిండా పచ్చటి రంగు, నెత్తిన కిరీటం, కాళ్లకు గజ్జెలు. రాజక్క ఆ కాళ్ల మీద పడింది. లేచి, తన చేత్తో ముద్ద నోటికందించింది. అమ్మవారు తిని, అదే డబ్బాలో చేయి పెట్టి ఒక ముద్ద తీసి పోశం నోట్లో పెట్టింది. పైలం కొడుకా అని దీవించింది. రాజక్క అత్త శంకరవ్వ కూడా రెండు మెతుకులు కళ్లకద్దుకొని తిన్నది.

మధ్యాహ్నం ఆట ఆగింది. ఆటవాళ్లకు వాడ తరఫున భోజనం. అదీ ఆనవాయితీయే: దూరంగా, గోడ పక్కన, వాళ్లు వచ్చిన ట్రాలీ ఆటో నీడలో. వెనుకట మోదుగాకులు పరిచేవాళ్లు, ఇప్పుడు కాగితం ప్లేట్లు. వాడవాళ్లు స్టీలు కంచాల్లో తింటారు, ఆటవాళ్లు కాగితంలో తింటారు. ఎందుకని అడిగితే శుభ్రత అంటారు. పాత రోగానికి కొత్త పేరు పెట్టుకుంటే రోగం పోతుందా?

వడ్డించే వంతు రాజక్కది. ప్లేట్లలో అన్నం జారవిడుస్తూ పోయింది. వరుస చివర ఒక ముసలామె కడుక్కున్న ముఖాన్ని కొంగుతో తుడుచుకుంటూ నీళ్లు అడిగింది. రాజక్క చెంబు పైకెత్తి పోసింది. ముసలామె దోసిలి పట్టింది. ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు, చేతులకే అలవాటు.

నీళ్లు తాగి ముసలామె తలెత్తింది.

"పెరుగన్నం మంచిగుండె బిడ్డా. జర ఉప్పు తక్కువైంది."

వీళ్లకు పెరుగన్నం పెట్టలేదే అనుకుంది రాజక్క. మరుక్షణం చెంబు చేతిలోనే నిలిచిపోయింది. పొద్దున తాను కాళ్లు మొక్కింది ఈమెకే. గుర్తు పట్టలేదు. నీ పేరేందవ్వా అని అప్పుడడిగింది. కొమురవ్వ అని చెప్పింది ఆమె.

రాజక్క చాప దగ్గరికి నడిచి చిటికెడు ఉప్పు కొంగున ముడేసుకుంది, డబ్బా అందుకుంది. ఎటు పోతున్నవే అంటూ శంకరవ్వ చేయి పట్టుకుంది. అన్నంలో ఉప్పు తక్కువైందట, కొమురవ్వ పక్కన కూర్చుని కలిపి తింటానని రాజక్క చెప్పగానే అత్త ఉలిక్కిపడింది.

"అప్పుడు దేవత, ఇప్పుడు మనిషి. గదీ గిదీ ఒకటేనానే?"

"దేవత ఎంగిలి తిన్నం గదత్తా. మనిషి పక్కపొంటి కూసుంటె పడిపోతమా?"

మొక్కు చెడుతుందని, పోశానికి ఏమన్నా అయితే ఆ పాపం నీదేనని శంకరవ్వ తిట్టిపోసింది. రాజక్కకు భయం లేక కాదు. మగని పానం మీది మాట అది. కానీ ఒక్కటి తోచింది: పొద్దున పోశం నోట్లో ముద్ద పెట్టింది ఏది? ఆ చేయి. రంగు ముఖానికి పూశారు, చేతికి పూయలేదు.

పోయి కొమురవ్వ పక్కన కూర్చుంది. కాగితం ప్లేటు అవతల పెట్టి, డబ్బా ఇద్దరి మధ్యా పెట్టింది. కొమురవ్వ వెంటనే చేయి పెట్టలేదు. చుట్టూ చూసింది. మైదానమంతా నమలడం మానేసి ఇటే చూస్తోంది. ఇంతలో దగ్గుకుంటూ పోశం వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఉప్పు తెచ్చినవా మరి?" అన్నాడు.

రాజక్క కొంగుముడి విప్పి ఉప్పు చల్లింది. మూడు చేతులు ఒక డబ్బాలోకి దిగాయి. ఇంకెవరూ లేచి రాలేదు. శంకరవ్వ ముఖం తిప్పుకుంది.

రెండో ఆట మొదలైంది. మళ్లీ పచ్చటి ముఖం, కిరీటం, గజ్జెలు. అలవాటుగా జనం కాళ్ల మీద పడబోయారు. అందరికంటే ముందు శంకరవ్వ వంగింది. కొమురవ్వ కాళ్లు వెనక్కి తీసుకుంది. మద్దెల ఆగింది.

"కాళ్లు మొక్కుడు అల్కటి పని బిడ్డా. రంగు కడిగినంక పక్కన కూసొని తినుడే కష్టం. గా కష్టం చెయ్యుండ్రి. నాకు గదే మొక్కు."