బీరు అట్ట మీద అభ్యంతరం

ఆ మంగళవారం మేం ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఓడించింది అవతలి జట్టు కాదు, మా జట్టులోనే ఉన్న మా బావ. ఇంటికెళ్ళి ఆ రాత్రి పడుకున్నంత హాయిగా నేను అయిదు నెలల్లో ఒక్కరోజూ పడుకోలేదు.

మా బావ క్లెమ్ అంటే మా అక్క ఏవిస్ భర్త. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కౌన్సిల్లో తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. మాంసం కొట్లో కాటా, పెట్రోలు బంకులో పంపు, పబ్బులో గ్లాసు... మా ఊరు హెల్మ్‌రాయిడ్‌లో ఆయన తనిఖీ చెయ్యని వస్తువు లేదు. రిటైరయ్యాక తనిఖీ చెయ్యడానికి ఏమీ మిగలక మా క్విజ్ లీగ్ మీద పడ్డాడు.

మాది తొమ్మిది పబ్బుల లీగ్. వారానికొక పబ్బు ఆట మానుకుని ప్రశ్నలు తయారుచేస్తుంది, మిగతా ఎనిమిదీ జంటలుగా ఆడతాయి. జట్టుకు నలుగురు, నాలుగు కుర్చీలు. మీ కుర్చీకి వచ్చిన ప్రశ్నకి పక్కవాళ్ళని అడక్కుండా జవాబు చెబితే రెండు పాయింట్లు. తప్పు చెబితే ప్రశ్న ఎదుటి జట్టుకి వెళుతుంది, వాళ్ళు చెబితే వాళ్ళకి ఒకటి. కాగితంలో ఏది రాసుంటే అదే జవాబు. అది తప్పని మీకు గట్టిగా అనిపిస్తే అభ్యంతరం చెప్పుకోవచ్చు, కానీ దానికో పద్ధతుంది. గ్లాసు కింద పెట్టే అట్ట వెనకవైపు రాసి, తర్వాతి ప్రశ్న చదవకముందే క్విజ్ మాస్టర్ చేతికివ్వాలి. ఆఖరి ప్రశ్నకైతే, క్విజ్ మాస్టర్‌కి పబ్బువాళ్ళు ఊరికే ఇచ్చే బీరు మొదటి గుక్క ఆయన గొంతు దిగేదాకా గడువు. దిగిందంటే ఆ వారం ఆట ముగిసినట్టే.

అందరూ ఏడాదికి ఒకటో రెండో అభ్యంతరాలు రాస్తే మా బావ వారానికి మూడు రాసేవాడు. నది పొడవు అడిగితే ఎక్కణ్ణుంచి కొలిచారని ఒకటి. కొండ ఎత్తు అడిగితే ఏ సంవత్సరం కొలిచారని ఇంకొకటి. చిక్కేమిటంటే చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది. అందుకే జనానికి ఆయనంటే ఇంకా మంట. "క్లెమ్ అట్ట తిప్పితే నాకు కడుపులో తిప్పుతుంది" అనేవాడు ప్లౌ పబ్బు కెప్టెన్ ఐవర్. నేను మా ఫ్లీస్ పబ్బు కెప్టెన్‌ని. నాకూ తిప్పేది. "బావా, ఒక్క వారం నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అక్టోబరులో ఆయనకి పక్షవాతం వచ్చింది.

కుడిచెయ్యి తప్ప ఒళ్ళంతా క్రిస్మస్‌నాటికి దారిలో పడింది. మాట మాత్రం రాలేదు. నలుగురిలో తిప్పండి, నెమ్మదిగా వస్తుంది అని ఆసుపత్రిలో మాట నేర్పించే అమ్మాయి చెప్పింది. జనవరిలో మళ్ళీ తీసుకొచ్చి మూడో కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయనతోపాటు అక్క కూడా రావడం మొదలుపెట్టింది. అల్లిక సంచీతో పక్క బల్ల దగ్గర కూర్చుని, అల్లిక తక్కువ, ఆయన్ని చూడటం ఎక్కువ.

ఊరు ఊరంతా మంచిదైపోయింది. అది నాకు మహా చిరాకు. మామూలుగా జవాబుకి పది సెకన్లు. మా క్విజ్ మాస్టర్ నోరిస్ ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు పంచినవాడు, క్షణం కూడా వదలడు. అలాంటివాడు బావ కుర్చీకి ప్రశ్న వెళితే ఒకటి నుంచి పదిదాకా ప్రార్థన చదివినట్టు నెమ్మదిగా లెక్కపెట్టేవాడు. బావ నోట్లోంచి ఒక్క ముక్క సరిగ్గా వస్తే ఐవర్ చప్పట్లు కొట్టేవాడు. ఐవర్! బావ అందర్నీ చూసి మర్యాదగా నవ్వేవాడు. ఏమడిగినా "బావుంది" అనేవాడు. బీరెలా ఉంది? బావుంది. కాలెలా ఉంది? బావుంది. పైకప్పు కారుతోందట కదా? బావుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు ప్రశ్నలు టైపు చేసినవాళ్ళు పొరపాటున మైలుకి పదహారు వందల డెబ్బై గజాలని కొట్టారు. నోరిస్ జవాబు అలాగే చదివాడు. పదిహేడు వందల అరవై అని ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అందరం బావకేసి చూశాం. నోరిస్ కావాలని ముక్కు చీదుకున్నాడు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేను అట్ట ఆయన ముందుకి తోశాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, దానిమీద గ్లాసు పెట్టి నవ్వాడు. చివరికి ఐవరే అభ్యంతరం రాశాడు. గజాల లెక్క తప్పుగా చదివితే మా బావ ఊరుకున్నాడు!

ఆ వారంలోనే అక్క మా ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుంది. టీ ఇస్తే తాగలేదు.

"రోడా, మొన్న గురువారం దుంపల్లో ఉప్పు రెండుసార్లు వేశానే."

"మర్చిపోయి వేశావా?"

"కావాలనే వేశా. నోట్లో పెట్టుకోలేం. మొత్తం తిని బావుంది అన్నాడు." కప్పు అటూ ఇటూ తిప్పింది. "నలభై రెండేళ్ళు నా వంటకి వంక పెట్టని రోజు లేదు. గ్రేవీ పల్చన అంటాడు, మాంసం మాడింది అంటాడు. పళ్ళెం తీసి నెత్తిన కొడదామనిపించేది. ఇప్పుడు ఏం పెట్టినా బావుందే. పక్కన ఎవరో మంచాయన కూర్చున్నాడు, నా మొగుడేడి?"

"మాట రావడం లేదు గానీ లోపల మనిషి ఉన్నాడు లేవే."

"ఉన్నాడని నీకెలా తెలుసు?"

తెలీదు. బావ ఉన్నాడో లేడో చెప్పగలిగే డాక్టరు ఎవరూ లేరు. మా అక్క మిగిలిన బతుకంతా ఆ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉందని మాత్రం అర్థమైంది.

ఇక ఆ మంగళవారం. మార్చి రెండో వారం, మా ఫ్లీస్‌లోనే, ప్లౌ వాళ్ళతో. మొదటి రెండు కుర్చీల్లో పికప్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు, ఫుట్‌బాల్ ప్రశ్న వస్తే తప్ప మేలుకోరు. మూడు బావ, నాలుగు నేను. సగం ఆటయ్యాక పబ్బు నడిపే డెన్‌జిల్ ఎప్పట్లాగే అందరికీ మాంసం కూరి కాల్చిన పై, బఠానీలు పెట్టాడు. బావ కిమ్మనకుండా తిన్నాడు. అక్క ఆయన పళ్ళెం చూసి, అల్లిక మీదికి తల వంచుకుంది.

ఆఖరి ప్రశ్నకి వచ్చేసరికి రెండు జట్లకీ అరవై ఒకటి. ప్రశ్న నా కుర్చీది.

నోరిస్ చదివాడు. "పబ్బులో ఇంత కొలతకే పొయ్యాలని మన చట్టం నాలుగు రకాల మద్యానికి పెట్టింది. జిన్, రమ్, విస్కీ. నాలుగోది ఏది?"

"బ్రాందీ" అన్నాను. అందులో ఆలోచించేదేముంది?

"బ్రాందీ. కరెక్ట్. ఫ్లీస్ అరవై మూడు, ప్లౌ అరవై ఒకటి."

పికప్ అన్నదమ్ములు బల్ల గుద్దారు. నేను లేచి ఐవర్‌కి వంగి దండం పెట్టాను. "ఆ దండం ప్రశ్నలు తయారుచేసినవాళ్ళకి పెట్టుకో" అన్నాడు వాడు. డెన్‌జిల్ నురగ కారుతున్న గ్లాసు తెచ్చి నోరిస్ ముందు పెట్టాడు. నోరిస్ గ్లాసెత్తాడు.

నా పక్కన గ్లాసు జరిగిన చప్పుడైంది.

బావ తన గ్లాసుని అట్ట మీంచి పక్కకి నెట్టాడు. అట్ట తిప్పాడు. నా చేతిలోంచి పెన్సిల్ లాక్కున్నాడు, అడగలేదు, లాక్కున్నాడు. ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాడు.

నోరిస్ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. అక్క లేచి నిలబడింది, ఒళ్ళోని ఊలు ఉండ నేలమీద దొర్లింది. బావ నుదుటి మీద చెమట. ఒక్కో అక్షరానికీ ఆగుతున్నాడు. నురగ కారి నోరిస్ చొక్కా చేతిలోకి పోతోంది.

"తాగావంటే నీకూ నాకూ మాటల్లేవు నోరిస్" అన్నాడు ఐవర్.

"నేను తాగుతున్నానా? చెయ్యి లాగేస్తోంది, ఊరుకో" అన్నాడు నోరిస్.

బావ అట్ట ముందుకి తోశాడు. నోరిస్ గ్లాసు దింపి, కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. రెండే మాటలు. వంకరటింకరగా ఉన్నాయి. "వోడ్కా. గోడ."

"గోడేంటి క్లెమ్?"

బావ ఎడమచెయ్యి ఎత్తి డెన్‌జిల్ వెనక గోడని చూపించాడు. అక్కడ బొగ్గుల కొట్టువాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. "తియ్" అన్నాడు. డెన్‌జిల్ క్యాలెండరు తీశాడు. దానికింద అద్దాల చట్రంలో, దుమ్ముపట్టి, పసుపుపచ్చబడిన నోటీసు ఒకటుంది. డెన్‌జిల్ చొక్కా అంచుతో తుడిచి పైకి చదివాడు. "ఈ పబ్బులో జిన్, రమ్, వోడ్కా, విస్కీ ఇరవై అయిదు మిల్లీలీటర్ల కొలతలో అమ్మబడును." అప్పుడు తల గోక్కున్నాడు. "ఇది మా నాన్నచేత పెట్టించింది ఈయనే. నా చిన్నప్పుడు."

ఇరవై ఏళ్ళుగా మేమంతా ఆ నోటీసుకి ఎదురుగా కూర్చుని తాగుతున్నాం.

"బ్రాందీ..." అన్నాడు బావ. పళ్ళు బిగించాడు. "బ్రాందీ... చట్టంలో... లేదు." ఊపిరి తీసుకుని డెన్‌జిల్ వైపు వేలు చూపించాడు. "నోటీసు... కప్పకూడదు. తప్పు... అది."

అంతే, పబ్బు దద్దరిల్లింది. పికప్ అన్నదమ్ములు ఈలలు వేశారు. డెన్‌జిల్‌ని నలుగురిలో నిలబెట్టి తప్పుపడితే వాడు పట్టపగ్గాల్లేకుండా నవ్వుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ లేచొచ్చిన ప్రాణంతోనే బావ మీద అరిచాను.

"బావా! గెలిచిన ఆట! సొంత మరదలి రెండు పాయింట్లు పీకేస్తావా?"

"తప్పు... తప్పే" అన్నాడు నా కళ్ళల్లోకి చూసి. అదే పాత చూపు, నేను తక్కువ తూచి మాంసం అమ్మినట్టు.

నోరిస్ గొంతు సవరించుకున్నాడు. "అభ్యంతరం చెల్లింది. ఫ్లీస్ రెండు పాయింట్లు రద్దు. రూలు ప్రకారం ప్రశ్న ప్లౌ జట్టుకి. ఐవర్, నాలుగోది ఏది?"

ఐవర్ చాలాసేపు ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమురుకున్నాడు. "వోడ్కా."

"ఒరే దొంగా, ఇప్పుడే గోడమీద చూశావు కదరా!"

"రూలు రూలే రోడా. కావాలంటే అట్ట తిప్పు."

"రూలే" అన్నాడు బావ కూడా. నోరిస్ అరవై రెండు, అరవై ఒకటి అని చెప్పి, గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో సగం తాగేశాడు. ఆ అట్ట లీగ్‌వాళ్ళ బిస్కెట్ డబ్బాలోకి పోవాలి, రూలు అదీ. నేను దాన్ని నా హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు రాసుకోవచ్చు.

అందరూ వచ్చి బావ భుజం తట్టి వెళ్ళాక అక్క ఆయన కోటు తెచ్చింది. కళ్ళు తుడుచుకుంది గానీ తుడిచినవి తుడిచినట్టే మళ్ళీ నిండుతున్నాయి. కోటు తొడగకుండా చేతిలో పట్టుకుని అడిగింది, పరీక్షలో ఆఖరి ప్రశ్న అడిగినట్టు.

"క్లెమ్, ఇందాక తిన్న పై ఎలా ఉంది?"

బావ ఆలోచించాడు. "చల్లారింది. బఠానీలు... ఉప్పు లేదు."

అక్క నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంకేదో చెప్పాలని పెదాలు కదుపుతున్నాడు. మేం ఆగాం. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు.

"నీ దుంపల్లో... ఉంది" అన్నాడు. "ఆ గురువారం. రెండుసార్లు... వేశావు."

అక్క చేతిలో కోటు అలాగే ఉండిపోయింది. "తెలుసా నీకు? మరి బావుందన్నావేంటయ్యా?"

"అదొక్కటే..." అన్నాడు బావ. "ఆ ఒక్క మాటే... వచ్చేది."

అక్క ముందు ఆయన కుడిచెయ్యి కోటులోకి దూర్చింది, తర్వాత ఎడమది, గుండీలన్నీ పైదాకా పెట్టింది.